అడుగున ఉన్న దుప్పటి

ఆ ఉదయం ఆకాశం కొండల మీదికి దిగివచ్చి కూర్చుంది. శిఖరాలు కనబడలేదు. వాన లేదు, ఎండ లేదు. మబ్బు మాత్రం తడిసిన గోనెపట్టాలా బరువుగా వేలాడుతోంది. పైన మంచు పడుతోందని డిపో గేటు దగ్గర సెంట్రీ చెప్పాడు. మధ్యాహ్నం దాటితే కొండదారి మూసుకుపోతుందని, తెల్లవారుజామునే సరుకు లారీల కాన్వాయ్ పైకి వెళ్ళిందని కూడా చెప్పాడు.

ఇన్ని చెప్పినవాడు ఇన్‌స్పెక్టర్ని లోపలికి మాత్రం వదల్లేదు.

"పాసు రావాలి సార్."

"ఎక్కణ్ణించి?"

"మిలిటరీ పోలీసు కెప్టెన్ గారి ఆఫీసు నుంచి."

"నేనొస్తున్నానని ఆయనకి తెలుసు."

"తెలుసు సార్. అందుకే రాలేదేమో."

ఇన్‌స్పెక్టర్ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. నిదానంగా నడుస్తాడని, నిదానంగా మాట్లాడతాడని ఆయన్ని డిపార్ట్‌మెంటులో నత్త అంటారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు. కానీ ఇవాళ నిదానం ఆయనది కాదు. ఎవరో బలవంతాన నెత్తిన పెట్టింది.

విషయం చిన్నదే. రాత్రి ఈ సైనిక సరఫరా డిపోలో మూడో షెడ్డు దగ్గర అలారం మోగింది. వెళ్ళి చూస్తే కాపలా సెంట్రీ తల పగిలి, స్పృహ లేకుండా పడి ఉన్నాడు, ఒంటి మీద ఎవరో కప్పిన దుప్పటితో. షెడ్డులో మాంసం టిన్నుల పెట్టెలు నలభై తక్కువయ్యాయి. ప్లాట్‌ఫారం పక్కన లారీ ఉంది. లారీ దగ్గర దాని డ్రైవరు ఉన్నాడు, చొక్కా నిండా రక్తంతో. డ్రైవరు సైనికుడు కాదు, కాంట్రాక్టు మనిషి. కాబట్టి చట్టప్రకారం బయటి పోలీసు ఒకసారి వచ్చి చూడాలి. మధ్యాహ్నం మిలిటరీ జైలు వ్యాను వస్తుంది. వ్యాను ఎక్కాక వాణ్ణి అడిగే హక్కు బయటివాళ్ళెవరికీ ఉండదు. దేవుడికి ఉందేమో తెలియదు.

దిమ్మకి అవతలి చివర ఒక స్త్రీ కూర్చుని ఉంది. చేతిలో టిఫిన్ క్యారియరు. మూత తీసినట్టు లేదు.

"మీరేనా పోలీసాయన?"

"ఊఁ."

"నేను డ్రైవరు పెళ్ళాన్ని." క్యారియరు ఒళ్ళోకి లాక్కుని, "ఆ టిన్నులు ఎక్కడికి పోయేవో తెలుసా అన్నయ్యా?" అంది.

"పై పోస్టుకి."

"పై పోస్టులో మా తమ్ముడున్నాడు. మంచు కరిగేదాకా వాళ్ళకి అదే తిండి. పోయినసారి సెలవుకి వాడొస్తే ఈయన తన కొత్త స్వెట్టరు విప్పి వాడికిచ్చి పంపాడు. నాకు మాట వరసకైనా చెప్పలేదు. అలాంటి మనిషి వాడి నోటికాడి కూడు అమ్ముకుంటాడా?"

"ఆయన్ని అడిగావా?"

"చూడనిస్తేగా అడగడానికి! వీడు పాసంటాడు. ఆ పాసు ఎవరి దగ్గరుందయ్యా అంటే లోపలుందంటాడు. లోపలికెళ్ళి తెచ్చుకుంటానంటే పాసు లేకుండా కుదరదంటాడు."

సెంట్రీ అటు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి నవ్వు రాలేదు. ఆయన పాసు కూడా అదే దారిలో చిక్కుకుంది.

*

పాసు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. డ్రైవర్ని గార్డురూములో బల్ల మీద కూర్చోబెట్టారు. పెద్ద శరీరం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బస్సు కోసం ఆగినవాడిలా ఉన్నాడు.

"రాత్రి లారీ ప్లాట్‌ఫారం దగ్గరికి ఎందుకు తెచ్చావు?"

"లోడు కోసమండీ."

"ఎవరు రమ్మన్నారు?"

పలకలేదు.

"చొక్కాకి రక్తం?"

"సెంట్రీని ఎత్తానండీ. చలిగా ఉందని లోపలికి జరిపాను."

"దుప్పటి కప్పింది కూడా నువ్వేనా?"

డ్రైవరు కళ్ళు ఒక్కసారి పైకి లేచి మళ్ళీ నేలకి దిగాయి. "గుర్తులేదండీ."

"అలారం ఎవరు మోగించారు?"

"గుర్తులేదండీ."

"నీకు గుర్తున్నదేదో అది చెప్పు."

"సెంట్రీకి ఎలా ఉందండీ?"

"బతుకుతాడంటున్నారు. కళ్ళు తెరిచాడట. మాట రాలేదింకా."

డ్రైవరు గట్టిగా ఊపిరి వదిలాడు. తల బద్దలుకొట్టినవాడు అలా వదలడని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది. అనిపించడం సాక్ష్యం కాదు. ఆయన స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"చూడు. నువ్విలా నోరు కుట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం వ్యాను ఎక్కిస్తారు. అర్థమవుతోందా? బయట నీ భార్య పొద్దున్నుంచి దిమ్మ మీద కూర్చుని ఉంది."

"అన్నం తిందాండీ?"

"లేదు."

డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. మెల్లిగా అన్నాడు: "వ్యాను దాకా రాదులెండి."

"ఎందుకు రాదు?"

ఇన్‌స్పెక్టర్ ఇంకా ఎన్నో అడిగాడు. నెమ్మదిగా అడిగాడు, కసిరి అడిగాడు. గోడకి చెప్పుకున్నట్టయింది. చేతికి వచ్చింది ఆ ఒక్క ముక్క. వీడు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు. ఆ మనిషి వచ్చి నోరు విప్పుతాడని నమ్మి కూర్చున్నాడు.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. మిలిటరీ పోలీసు కెప్టెన్. యూనిఫారం మడత తగిలితే వేలు తెగేట్టు ఉంటుంది. సైనికులు ఆయన్ని చాటుగా ఇస్త్రీ అంటారు.

"ఏమండీ ఇన్‌స్పెక్టర్ గారూ! గేటు నుంచి ఇక్కడికి రావడానికి సగం రోజు పట్టిందే? నత్త అంటే ఏమో అనుకున్నాను."

"నా పాసు మీ టేబులు మీద పడుకుంది. దాన్ని లేపడానికి పట్టింది."

"తేలిపోయిన కేసు ఇది. రెండో లారీ వచ్చింది. నలభై పెట్టెలు అందులో వెళ్ళాయి. వీడు ఆలస్యంగా కదిలాడు, దొరికాడు."

"రెండో లారీని చూసిందెవరు?"

"చూసినవాడి తలే కదా పగిలింది."

"గేటు సెంట్రీ చూడలేదా? గేటు ఒకటే కదా?"

కెప్టెన్ చిరునవ్వు నవ్వాడు. "అందుకే గేటు సెంట్రీని కూడా ప్రశ్నిస్తాను. మీరు వెళ్ళిపోయాక."

"ముందు షెడ్డు చూపించండి."

"సీలు వేశాను."

"సీలు విప్పడానికే వేస్తారు."

*

మూడో షెడ్డు పొడుగాటి రేకుల షెడ్డు. ముందు సిమెంటు ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. కెప్టెన్ లక్క ముద్ర పగలగొట్టాడు, గుడి తలుపు తీస్తున్నంత ఠీవిగా. లోపల జనపనార వాసన, నూనె రాసిన చెక్క వాసన.

టిన్నుల పెట్టెలు చెక్కపలకల మీద గోడకట్టినట్టు పేర్చి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే నిండుగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ నిచ్చెన వేయించుకుని ఎక్కి అవతలికి తొంగిచూశాడు. ముందు వరస వెనకాల గుంత. అక్కడ పలకల మీద దుమ్ము లేని చతురస్రాలు పక్కపక్కన కనిపించాయి.

ఆయన నిచ్చెన మీదే ఉండిపోయాడు.

"ఏమిటి, దిగడం మరిచిపోయారా?" కింద నుంచి కెప్టెన్.

"ముందు వరస తీసి పక్కన పెట్టారు. వెనక వరస బయటికి చేరవేశారు. మళ్ళీ ముందు వరస ఎక్కడిదక్కడ పేర్చారు. దొంగకి ఇంత చాకిరీ ఎందుకు? తలుపు దగ్గరున్న నలభై ఎత్తుకుపోతే సరిపోయేది కదా?"

"దొంగతనం బయటపడకుండా."

"బయటపడకూడదనుకున్నవాడు తలుపు బార్లా తెరిచి అలారం మోగించి వెళ్ళాడా?"

"అలారం సెంట్రీ మోగించి ఉంటాడు."

"తల పగిలి, స్పృహ తప్పి, లేచి, బొత్తాం దాకా నడిచి, మోగించి, వెనక్కొచ్చి పడుకుని, దుప్పటి కప్పుకున్నాడు. పాపం, ఓపికున్న మనిషి."

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి గడియారం చూసుకున్నాడు.

ముందు వరస మీద పై పెట్టె ఒకటి తక్కువగా ఉంది. అది కిందే పడి ఉంది, మూల విరిగి, విరిగిన చోట రక్తం ఎండి. ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండు చేతులతో ఎత్తబోయి సగంలో వదిలేశాడు.

"దీంతోనే కొట్టాడు," అన్నాడు కెప్టెన్.

"దీన్ని తలమీదికి ఎత్తి కొట్టాలంటే వస్తాదు కావాలి. ఇది కొట్టింది కాదు. జారింది."

"మీ ఊహ."

"మీ రెండో లారీ?"

ఇన్‌స్పెక్టర్ షెడ్డు మూలకి నడిచాడు. అక్కడ దుప్పట్ల దొంతరలు నడుమెత్తున ఉన్నాయి. అన్నీ గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. ఒకటి మాత్రం పక్కకి ఒరిగింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు. పైన నలగలేదు. అడుగున మాత్రం జాగా వదులైంది.

"సెంట్రీ మీద కప్పిన దుప్పటి ఎక్కడుంది?"

"నా ఆఫీసులో. సాక్ష్యం."

"రంగు వెలిసి ఉందా? మడతల దగ్గర?"

"ఉంది. అయితే?"

ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు దాకా వెళ్ళాడు. "కెప్టెన్ గారూ, ఒక్క సాయం. ఇక్కడ ఒక మనిషి చలికి వణుకుతున్నాడు. త్వరగా ఒక దుప్పటి తెచ్చివ్వండి."

"ఏమిటీ నాటకం?"

"తెచ్చివ్వండి."

కెప్టెన్ విసుక్కుంటూ వెళ్ళి దగ్గరి దొంతర మీది దుప్పటి లాగి తెచ్చాడు.

"మీరు పైది తీశారు. నేనైనా పైదే తీస్తాను. లారీ డ్రైవరైనా అంతే. రాత్రి ఇక్కడ కంగారులో, ఒక మనిషి నెత్తురు కారుతుంటే, ఎవరో అంత దొంతర పైకెత్తి అడుగున ఉన్నది లాగారు."

కెప్టెన్ చేతిలో దుప్పటి వైపు చూసుకున్నాడు. "దీన్ని పట్టుకుని నేను కోర్టుకి వెళ్ళాలా? అడుగు దుప్పటి, పై దుప్పటి అని? వ్యాను ఇంకాసేపట్లో వస్తుంది. మీ కథ అప్పటిదాకా చెప్పుకోండి."

ఆయన వెళ్ళిపోయాడు. దుప్పటి నేలమీదే వదిలేశాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని మడిచి దొంతర మీద పెట్టాడు. చేతిలో ఇంకా ఏమీ లేదు. ఒరిగిన దొంతర, ఖాళీ గుంత, నోరు విప్పని డ్రైవరు. మూడూ ఒకటే జాతి.

*

డిపో సరుకంతా చూసుకునే క్వార్టర్‌మాస్టర్‌ని అందరూ బాబాయి అంటారు. జవాన్లు అంటారు, లారీలవాళ్ళు అంటారు, ఆఫీసర్లు కూడా నోరు జారి అంటారు. ఆయన గది షెడ్ల వరస చివర ఉంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడేసరికి ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"ఎవరూ?"

"పోలీసు ఇన్‌స్పెక్టర్నండీ."

"రండి రండి. రాత్రి నిద్ర లేదు. అందుకే పోల్చుకోలేదు." పోల్చుకోవడానికి ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఇన్‌స్పెక్టర్ అది మనసులో ఉంచుకుని కూర్చున్నాడు.

టేబులు మీద నమూనా టిన్నులు బారుగా ఉన్నాయి. బాబాయి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని మూత మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పెట్టాడు. ఆ చేతులు వాటంతట అవే ఆ పని చేస్తున్నాయి.

"దొంగతనం గురించి అడుగుతారు కదా? నాకు తెలిసింది కెప్టెన్ గారికి చెప్పేశాను."

"కాదండీ. నేను పల్లెటూరివాణ్ణి. సైన్యమంటే తుపాకులే అనుకుంటాను. మీ పనేమిటో చెబుతారని వచ్చాను."

ముసలాయన మొహం కొంచెం తేటపడింది.

"మా పనా? ఇదివరకు సైన్యం కదిలిందంటే దారిలో ఊళ్ళకి మిడతల దండు వచ్చినట్టేనండీ. శత్రువు సైన్యమైనా అంతే, సొంత సైన్యమైనా అంతే. వేలమంది జనం, వాళ్ళ గుర్రాలు. ఎవరు మేపాలి? రైతు మేపాలి. గాదెలో గింజ మిగిలేది కాదు. గెలిచినా ఓడినా ఊరికి మిగిలేది బూడిదే. తర్వాత ఎవరో ఒక బుద్ధిమంతుడికి తట్టింది, సైన్యం వెనకాల తిండి మోసుకెళ్ళే మనుషుల్ని పెడదామని. ఎడ్లబళ్ళు పెట్టారు, కంచరగాడిదలు పెట్టారు. ఆ తర్వాత రైళ్ళొచ్చాయి, లారీలొచ్చాయి. మేం పుట్టింది అందుకండీ, సైనికుడు రైతు గడప తొక్కకుండా ఉండటానికి. ఆ సంగతి మావాళ్ళకే తెలియదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేనే చెబుతాను, ఆవలిస్తూ వింటారు."

"మెడల్స్ ఇస్తారా మీకు?"

"మెడల్ తుపాకీ పట్టినవాళ్ళ గుండె మీద గుచ్చుతారు. ఆ మెడల్ తాలూకు పిన్ను తక్కువైతే మాత్రం మమ్మల్ని తిడతారు."

ఇన్‌స్పెక్టర్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "మా అమ్మ కూడా గాదె అడుగున కంతలోంచే గింజలు తీసేది. పైనుంచి తీస్తే అడుగువి పురుగుపట్టి పోతాయని."

"అంతే! అదేనండీ మా చదువంతా!" బాబాయి టేబులు మీద చరిచాడు. "పాతది ముందు పోవాలి, కొత్తది వెనక్కి పోవాలి. మా మొదటి సార్జంటు మమ్మల్ని ఇందుకే వాయించాడు. ఆలోచించకూడదురా, చెయ్యి దానంతటదే అడుక్కి పోవాలి అనేవాడు. ఇప్పటికీ ఇంట్లో తువ్వాలు కావాలంటే నేను అడుగుదే లాగుతాను. బీరువాలో బట్టలన్నీ కూలిపోతాయి. మా ఆవిడ తిట్టని రోజు..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ తొందరపడలేదు.

"సెంట్రీ మీద కప్పింది అడుగు దుప్పటి బాబాయ్ గారూ."

ముసలాయన నమూనా టిన్ను ఒకటి అందుకుని తిప్పుతున్నాడు.

"ఆ టిన్ను మీద తేదీ ఎంతుంది?"

బాబాయి బొటనవేలు ముద్ర మీద పాకింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పాకింది. "కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను."

"మీ ముక్కు మీదే ఉన్నాయి."

ఆ మాట అన్నందుకు ఇన్‌స్పెక్టర్‌కే కష్టమనిపించింది. అప్పుడే గుమ్మంలో వెలుగు తగ్గింది. కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు, మెరిసే బూట్లతో, మెరిసే బిళ్ళలతో, మూడడుగుల దూరంలో.

"ఎవరూ?" అన్నాడు బాబాయి.

కెప్టెన్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. మొదటిసారి ఆ చూపులో ఎకసెక్కం లేదు.

"వ్యాను వచ్చింది," అన్నాడు చివరికి. "డ్రైవర్ని ఎక్కించమన్నాను."

"దించెయ్యండి," అన్నాడు బాబాయి. "వాడిది ఏమీ లేదు. మధ్యాహ్నంలోపు చెప్పేద్దామనే అనుకున్నానండీ. పొద్దున్నుంచి లేస్తున్నాను, కూర్చుంటున్నాను. లేస్తున్నాను, కూర్చుంటున్నాను."

తర్వాత చెప్పింది ఎక్కువ లేదు. ఏడాదిగా కళ్ళు మసకబారాయి. చెబితే ఇంటికి పంపేస్తారని దాచాడు. వానాకాలంలో ఒకేసారి సరుకు దిగినప్పుడు ముద్రలు చదవలేక పాత పెట్టెలు వెనక్కి, కొత్తవి ముందుకి వేయించాడు. మొన్న చెయ్యి పెట్టి తడిమితే వెనక వరస టిన్నుల మూతలు ఉబ్బి ఉన్నాయి. చెడిపోయాయి. రేపు తనిఖీ. రాత్రికి రాత్రి క్వారీ గుంతలో పూడ్చేద్దామని డ్రైవర్ని పిలిచాడు. వాడికి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, కాదనలేకపోయాడు. ఇద్దరూ చెడ్డ పెట్టెలు బయటికి చేరవేశారు. ముందు వరస మళ్ళీ పేరుస్తూ, ఆఖరి పెట్టె ఎత్తి పెడుతుండగా, కింద సెంట్రీ వచ్చి నిలబడటం బాబాయికి కనబడలేదు. పెట్టె జారింది.

"అలారం నేనే నొక్కాను. డాక్టర్ రావాలి కదా. డ్రైవరు నన్ను బలవంతంగా తోసేశాడు, నువ్వు పో బాబాయ్, నేను చూసుకుంటాను అని. పోయాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన సిగ్గుమాలిన పని అదే."

కెప్టెన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మరి ఆ పెట్టెలు ఎక్కడున్నాయి? క్వారీకి పోలేదుగా, లారీ ఖాళీగా దొరికింది."

"మీ దగ్గరే ఉన్నాయి కదండీ. సాక్ష్యానికి పట్టుకెళ్ళారుగా?"

"నేనా? నేనెందుకు పట్టుకెళతాను? అవి దొరక్కేగా దొంగతనం కేసు పెట్టింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. పొద్దున్నుంచి ఏదో ఒకటి ఆయన్ని తొలుస్తోంది. అదేమిటో ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఇంతసేపూ ఎందుకు తట్టలేదా అని ఒళ్ళు మండింది.

"కెప్టెన్ గారూ, రాత్రే షెడ్డుకి సీలు వేశారు. మళ్ళీ నా కోసమే తీశారు. అవునా?"

"అవును."

"తెల్లవారుజామున పై పోస్టుకి కాన్వాయ్ వెళ్ళింది. టిన్నులుండే షెడ్డు అదొక్కటే. సీలు తియ్యకుండా ఆ కాన్వాయ్ ఏం తీసుకెళ్ళింది?"

కెప్టెన్ షెడ్డు వైపు చూశాడు.

"ప్లాట్‌ఫారం మీద పట్టా కప్పిన లోడు ఒకటి ఉంది. దాని మీద లాంతరు పెట్టుకునే... నేను లక్క కరిగించాను."

బాబాయి టేబులు అంచు పట్టుకున్నాడు. "ఆ పట్టా కప్పింది మేమే, మంచి లోడు ఇంకా పెట్టించనేలేదు. మర్నాటి లోడు ముందురోజు రాత్రే ప్లాట్‌ఫారం మీద పెట్టించడం మా పద్ధతి. తలుపు ముందు పట్టా కప్పి ఏది ఉంటే అది పైకి పోయేదని అర్థం. లోడింగువాళ్ళు అడగరు. అడగక్కర్లేదని నేనే నేర్పాను."

"మూతలు ఉబ్బి ఉంటే పోస్టులో కనిపెట్టరా?"

"చలికి ఉబ్బు దిగిపోతుంది. చూడటానికి మంచి టిన్నులాగే ఉంటుంది. మంచులో కట్టెలు దాచుకుంటారు, వేడి చెయ్యరు. చల్లగానే తింటారు."

నలభై పెట్టెలు. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. సైన్యమే తన సొంత లారీల మీద, తన సొంత పద్ధతి తప్పకుండా, తన మనుషుల కోసం విషం మోసుకెళ్ళింది.

*

కెప్టెన్ గార్డురూముకి పరుగెత్తాడు. ఇస్త్రీ పరుగెత్తడం డిపోలో ఎవరూ చూడలేదు, జవాన్లు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"ఆ కొండదారి నీకు తెలుసా?" అని డ్రైవర్ని అడిగాడు.

"కళ్ళు మూసుకుని కూడా నడుపుతానండీ."

"తెరుచుకునే నడుపు. లే."

జీపు దుమ్ములేపుకుంటూ పోయింది. రేడియో ఆపరేటర్ పోస్టుని పిలవడం మొదలుపెట్టాడు. బ్యాటరీలు ఆదా చెయ్యడానికి పోస్టువాళ్ళు సాయంత్రం ఒక్కసారే రేడియో తెరుస్తారట. అయినా పిలుస్తూనే ఉన్నాడు. కాన్వాయ్‌లో రేడియో లేదు. అడిగితే రెండేళ్ళ కిందటే కావాలని రాశామన్నారు.

ఇన్‌స్పెక్టర్‌కి చేసే పనేమీ లేకపోయింది. హంతకుణ్ణి పట్టుకోవడం తెలుసు ఆయనకి. హంతకుడే లేని చోట ఏం పట్టుకోవాలి? గేటు దగ్గరికి వెళ్ళి, డ్రైవరు భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె మొదట "మా ఆయన్ని వదిలేశారా?" అంది. ఆ తర్వాత టిఫిన్ క్యారియరు కింద పెట్టేసి, "మా తమ్ముడు ఆకలికి ఆగలేడన్నయ్యా," అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే తింటాడు."

ఆమెని లోపలికి తీసుకొచ్చాడు. పాసు ఎవరూ అడగలేదు.

జీపు మునిమాపున వచ్చింది. కెప్టెన్ యూనిఫారం నడుం దాకా బురద. మూడో మలుపు దగ్గర మంచు దారి మింగేసిందట. ఖాళీ లారీలు ఇవతలే నిలిచిపోయాయట. పెట్టెలు మాత్రం అంతకుముందే కంచరగాడిదల మీద మలుపు దాటేశాయట. డ్రైవరు మంచులో మోకాలిలోతు నడిచిపోబోతే తనే కాలర్ పట్టుకుని వెనక్కి లాగానని కెప్టెన్ చెప్పాడు. రెండు అరచేతులూ చూసుకుంటూ చెప్పాడు.

సాయంత్రం పిలుపు సమయం అయింది. రేడియోలో ఇసుక రాలినట్టు చప్పుడు. పోస్టు పలకలేదు. కొండల మీద మబ్బు కూర్చుంటే ఒక్కోసారి పలకదని ఆపరేటర్ అన్నాడు. మబ్బు తెల్లవారాక ఎక్కడ కూర్చుందో ఇంకా అక్కడే ఉంది.

వంటవాడు పక్కగదిలో బల్ల మీద పళ్ళేలు పెట్టాడు. రొట్టె, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. టిఫిన్ క్యారియరులో ఉన్నది కూడా ఆమె తీసి అందరికీ తలా కాస్త వేసింది. కెప్టెన్ బురదతోనే కూర్చున్నాడు. డ్రైవరు ఆయన పక్కన. ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు. బాబాయి నిలబడ్డాడు. అందరూ తిన్నాకే ఆయన తినడం అలవాటని వంటవాడు అన్నాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాగి చూపించాడు. బాబాయి తడుముకుని కూర్చున్నాడు.

రొట్టె తుంచుతున్న చప్పుడు, గోడ అవతల రేడియో.

బాబాయి కోటు జేబులోంచి ఒక టిన్ను తీశాడు. టేబులు కింద, ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత కొద్దిగా పైకి లేచి ఉంది. దాని మీద వేలితో కొట్టలేదు. చెవి దగ్గర పెట్టుకోలేదు. జేబుకత్తి మొన మూత అంచు మీద ఆనించాడు.

ఇన్‌స్పెక్టర్ చూశాడు. లేవబోయాడు.

ఆయనకంటే ముందు డ్రైవరు భార్య లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ముసలాయన చేతిలోంచి ముందు కత్తి తీసుకుంది, తర్వాత టిన్ను తీసుకుంది. రెండూ కిటికీలో అందనంత దూరంగా పెట్టింది. తిరిగి వచ్చి, తన పళ్ళెం ఆయన ముందుకి జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని రొట్టె మీద పెట్టింది.

చాలాసేపటికి బాబాయి రొట్టె తుంచాడు.

డ్రైవరు తన పళ్ళెం భార్యకీ తనకీ మధ్యలోకి జరిపాడు. కెప్టెన్ తల వంచుకుని తింటున్నాడు. అయిదుగురూ తిన్నారు, ఒకరి వైపు ఒకరు చూడకుండా. గోడ అవతల ఆపరేటర్ గొంతు బొంగురుపోయింది. అయినా పోస్టుని పిలుస్తూనే ఉన్నాడు.